పాత ఓమ్ని వ్యాన్‌లో ఆయిల్ మట్టం: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సర్వీసు చేయించిన మరునాడు ఆయిల్ మట్టం కొలిచే కడ్డీని, అదే డిప్‌స్టిక్‌ను, తీసి చూస్తే ఆయిల్ దాని మీద గరిష్ఠ హద్దు చూపే పై గీతకు వేలెడు పైన కనబడిందని, తక్కువైతే ప్రమాదం గాని ఎక్కువైతే మంచిదే గదా అని నిన్న ఫోనులో అడిగావు. మంచిది కాదు నాయనా. ఆ ఎక్కువైనది తీసేవరకు కూరగాయల లోడుకు ఆ వ్యాను తియ్యవద్దు.

ఆయిల్ ఛాంబరులో మట్టం హద్దు దాటి పైకి వస్తే, పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంకు ఇరుసు దానిని కవ్వంతో చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగ అంటే సగం గాలి. పంపు ఆ గాలినే బేరింగులకు పంపుతుంది కనుక, ఛాంబరు నిండా ఆయిల్ ఉన్నా బేరింగులు ఎండిపోయి అరుగుతాయి. లోపలి ఒత్తిడి పెరిగి, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు కూడా కారడం మొదలవుతుంది. మూడు సిలిండర్ల ఆ 796 సీసీ ఇంజనుకు పట్టేదే సుమారు మూడు లీటర్లు. ఒకసారి నా బండికి సర్వీసు చేసినతను డిప్‌స్టిక్ చూడకుండానే మూడున్నర లీటర్ల డబ్బా మొత్తం ఒంపేశాడు. విజయవాడలో బయలుదేరి ఏలూరు చేరేలోగా వెనుక నీలిపొగ కమ్మింది, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే పకోడీలు కట్టిన కాగితంలా నూనె ఓడుతోంది.

అయితే ముందుగా నువ్వు చూసిన కొలత నిజమైనదో కాదో తేల్చుకోవాలి. ఓమ్ని ఇంజను ముందు సీటు కింద ఉండటం వల్ల, సీటు లేపి హడావుడిగా చూసి మూసేయడం చాలామందికి అలవాటు. బండిని చదునైన నేల మీద నిలుపు, ఇంజను వేడెక్కాక ఆపి, పైన ఉన్న ఆయిల్ అంతా కిందికి దిగడానికి పది నిమిషాలు ఆగు. డిప్‌స్టిక్‌ను పీచు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దింపి, మళ్లీ తియ్యి. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క తక్కువగా కనిపిస్తే, గొట్టం గోడకు అంటిన ఆయిల్ ఎత్తుగా ఉన్న పక్కకు పూసుకుందని అర్థం. తక్కువగా ఉన్న పక్కనే లెక్కలోకి తీసుకో. రెండు సార్లు చూసి, రెండూ కలిస్తేనే నమ్ము.

అప్పుడు కూడా పైనే ఉంటే, కింద డ్రెయిన్ నట్టు వదులు చెయ్యడం కంటే తేలికైన దారి ఉంది. మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజికి సన్నని ప్లాస్టిక్ గొట్టం బిగించి, డిప్‌స్టిక్ దిగే రంధ్రం గుండా దింపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు లాగు. వంద మిల్లీలీటర్లు తీసిన ప్రతిసారీ కొలత చూడు, పై గీతకు కొద్దిగా కిందికి రాగానే ఆపు. మొన్ననే పోసిన కొత్త ఆయిల్ గనుక శుభ్రమైన సీసాలో పట్టి మూత బిగించి దాచు, తగ్గినప్పుడు అదే పనికివస్తుంది.

తగ్గినప్పుడు పోసే పద్ధతి కూడా అంతే. సీసాలో ఉన్నదే, లేదా అదే గ్రేడు ఆయిల్, వంద మిల్లీలీటర్ల చొప్పున పోసి, కాసేపు ఆగి చూడు. ఎంత పోస్తే ఎంత పెరిగిందో ఒక పుస్తకంలో రాసుకుంటే, నీ బండికి రెండు గీతల మధ్య ఎంత పడుతుందో నీకే తెలుస్తుంది. డాష్‌బోర్డు మీది ఎర్ర లైటును నమ్ముకుని కూర్చోవద్దు, అది చెప్పేది ఒత్తిడి సంగతి గాని మట్టం సంగతి కాదు. అది వెలిగేసరికి ఆలస్యమైపోతుంది, నడుస్తుండగా వెలిగితే వెంటనే ఇంజను ఆపు.

2019లో ఓమ్ని తయారీ ఆగిపోయింది, రోడ్డు మీద ఉన్నవన్నీ పాత బండ్లే, కాబట్టి కొంచెం ఆయిల్ తాగడం సహజమే. పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రమే నీలిపొగ వస్తే వాల్వు సీళ్లు చూపించు, రోజంతా వస్తుంటే ఇంజను బోరుకు వచ్చిందేమో, అంటే సిలిండర్లు అరిగి మళ్లీ బోరు చేయించాల్సి ఉందేమో అడుగు. నువ్వేమీ పోయకుండానే మట్టం పెరిగి పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపించినా బండి కదిలించకుండా మెకానిక్‌ను పిలిపించు. టీ రంగు నీళ్లు కలిశాయనడానికి గుర్తు.

ఈ సాయంత్రం తీసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాత్రికి ఫోను చేసి చెప్పు.

మామయ్య