హెచ్-ఇండెక్స్ తొమ్మిదైతే ఏం?

పాఠకుల ప్రశ్నలకు రిటైరైన అనలిటికల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ జవాబులు

ప్రశ్న: నేను సహజ పదార్థాల సింథసిస్ చేస్తాను. మొదటి పేపర్ వచ్చి ఏడేళ్ళయింది. నా హెచ్-ఇండెక్స్ 9. పక్క ల్యాబ్‌లో బ్యాటరీ మెటీరియల్స్ మీద పనిచేసే సీనియర్‌కి 21. ఆయన మొదటి పేపర్ వచ్చి పందొమ్మిదేళ్ళు. ప్రమోషన్ కమిటీ మా ఇద్దర్నీ ఒకే జాబితాలో, ఆ అంకెల వరసలో పెట్టింది. ఆయన పని నా పనికన్నా రెండింతలు గొప్పదనేనా దీని అర్థం?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కాదమ్మా. ఆ అంకె ఎలా పుడుతుందో ఒకసారి చేత్తో లెక్కగట్టి చూస్తే మీకే తెలుస్తుంది. కమిటీల్లో కూర్చునేవాళ్ళలో చాలామంది ఈ లెక్క ఒక్కసారి కూడా వేసి ఉండరని నా అనుమానం.

ఒక పేపర్‌ని మరో పేపర్ పేర్కొంటే అది ఒక సైటేషన్. ఎన్ని పేపర్లకి కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో, ఆ అంకెల్లో పెద్దదే హెచ్-ఇండెక్స్. ఒక కెమిస్టుకి పది పేపర్లున్నాయనుకోండి. వాటికొచ్చిన సైటేషన్లు పెద్దదాని నుంచి వరసగా 48, 30, 17, 12, 9, 7, 6, 4, 2, 0. ఆరో పేపర్‌కి 7 వచ్చాయి, అంటే కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు దొరికినట్టే. ఏడో పేపర్‌కి ఏడు రావాలి, ఆరే వచ్చాయి. అక్కడ ఆగిపోతాం. హెచ్-ఇండెక్స్ 6.

ఇప్పుడు తమాషా చూడండి. మొదటి పేపర్‌కి 48 బదులు 4,800 వచ్చాయనుకుందాం. ప్రపంచంలో ప్రతి ల్యాబూ ఆ పద్ధతే వాడుతోందన్నమాట. హెచ్ ఎంత? ఆరే. అదలా ఉంచి, ఎవరికీ పెద్దగా పట్టని ఏడో పేపర్‌ని ఎవరో ఒక్కరు, ఒక్కసారి పేర్కొన్నారు. ఆరు కాస్తా ఏడయింది. హెచ్ కూడా ఏడయింది. నిలకడగా, మధ్యస్థంగా పేరు తెచ్చుకునే పేపర్లు ఎన్నున్నాయో ఈ సూచిక చెబుతుంది. ఒకే ఒక్క అద్భుతం దాని కంటికి ఆనదు.

దీన్ని 2005లో ప్రతిపాదించింది హోర్హే హిర్ష్. ఆయన కెమిస్టు కాదు, భౌతిక శాస్త్రవేత్త. ఇరవై ఏళ్ళ పరిశోధన తర్వాత హెచ్ 20 ఉంటే ఆ శాస్త్రవేత్త రాణించినట్టే అని ఆయన ఒక అంచనా చెప్పారు, అదీ ప్రధానంగా తన రంగం వాళ్ళని చూసి. హెచ్ పెరుగుతుందే తప్ప తగ్గదు. మనిషి పరిశోధన మానేసినా పాత పేపర్ల మీద పెరుగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్ళతో భాగించమని కూడా హిర్ష్ రాసిన ఆ 2005 పేపర్‌లోనే ఉంది. భాగించండి. మీకు 9ని 7తో భాగిస్తే 1.3 దగ్గర, ఆయనకు 21ని 19తో భాగిస్తే 1.1 దగ్గర. వరస తిరగబడింది.

అయితే నేనే గొప్ప అని పండగ చేసుకోకండి. ఈ రెండో వరస కూడా మొదటిదానంత బలహీనమే. బ్యాటరీల మీద పనిచేసే గుంపు పెద్దది, వాళ్ళ పేపర్లు త్వరత్వరగా వస్తాయి, ఒకరినొకరు త్వరగా పేర్కొంటారు. మీ రంగంలో ముప్ఫై మెట్ల సింథసిస్ ఒకటి పూర్తయి పేపర్‌గా రావడానికి ఏళ్ళు పడుతుంది. చదివేవాళ్ళు తక్కువ, పేర్కొనేవాళ్ళు ఇంకా తక్కువ. మరొకటి, పన్నెండు మంది కలిసి రాసిన పేపర్‌కి వచ్చిన సైటేషన్లు పన్నెండు మందికీ పూర్తిగా జమవుతాయి. ఎవరూ పంచుకోరు. మీ పేపర్లలో ఇద్దరో ముగ్గురో ఉంటే, ఒక్కో పేపర్ వెనక మీ చెమట ఎంతో ఆ అంకెకి తెలియదు.

కమిటీకి రాసేటప్పుడు మీ రంగంలో, మీ వయసు పరిశోధకుల్లో మీరెక్కడున్నారో చూపించండి. పేపర్ వచ్చిన ఏడాది, రంగం, పేపర్ రకం మూడూ ఒకటే అయిన వాటితో పోల్చి లెక్కగట్టే సూచికలున్నాయి. అందులో 1 వస్తే ప్రపంచ సగటు అని అర్థం. హెచ్ కన్నా అది కొంత నయం.

ప్రశ్న: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటని జర్నల్‌కి పేపర్ పంపనివ్వరు మా గైడ్. "పేపర్ విలువ జర్నల్‌లోనే ఉంది" అంటారు. నిజమేనా?
— పీహెచ్‌డీ విద్యార్థి

జవాబు: మీ గైడ్‌గారికి ఒక కథ చెప్పండి. కల్పితం కాదు, కావాలంటే ఆయనే చూసుకోవచ్చు.

ఆక్టా క్రిస్టలోగ్రాఫికా సెక్షన్ ఏ అని క్రిస్టలోగ్రఫీ వాళ్ళ, అంటే స్ఫటికాల నిర్మాణం చదివేవాళ్ళ, గౌరవనీయమైన జర్నల్ ఉంది. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ జర్నల్ వ్యాసాలకి వచ్చే సైటేషన్ల సగటు, చాలాకాలం 2 చుట్టూ తిరిగేది. 2009 లెక్క వచ్చేసరికి అది దాదాపు 50. ఆ ఏడు దానికన్నా పైనున్న జర్నళ్ళు ఒకటీ అరా. క్రిస్టలోగ్రఫీలో ఏదో విప్లవం రాలేదు. జరిగింది ఒక్కటే: 2008లో జార్జ్ షెల్‌డ్రిక్ అందులో షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్ర రాశారు. ఎక్స్-రే డేటా నుంచి అణువు నిర్మాణం తేల్చడానికి ఎన్నో ల్యాబులు వాడే సాఫ్ట్‌వేర్ అది. ఈ ప్రోగ్రాములు వాడినవాళ్ళు ఈ పేపర్‌నే పేర్కొనవచ్చు అని సారాంశంలోనే రాసి ఉంది. అంతే, కొత్త క్రిస్టల్ నిర్మాణం ప్రచురించిన ప్రతివాళ్ళూ దాన్నే పేర్కొన్నారు, వేల సంఖ్యలో.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే గత రెండేళ్ళలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగించగా వచ్చే సగటు. అందుకే షెల్‌డ్రిక్ పేపర్ ఆ రెండేళ్ళ కిటికీలో ఉన్నంత కాలం జర్నల్ ఆకాశంలో ఉంది. 2011 లెక్కకి మళ్ళీ నేల మీదికొచ్చింది. ఈ మధ్యలో ఆ జర్నల్‌లో పేపర్ వేసుకున్న మిగతావాళ్ళ పని ఇరవై అయిదు రెట్లు మెరుగైందా? వాళ్ళు అదే పని చేసుకుంటున్నారు, ఎప్పట్లాగే.

సైటేషన్ల పంపకం ఎప్పుడూ ఇలాగే వంకరగా ఉంటుంది. కొన్ని పేపర్లు మోస్తాయి, చాలా పేపర్లు ఆ నీడలో కూర్చుంటాయి. మొదటేడాది స్టాటిస్టిక్స్‌లో చెప్పే మాటే ఇది: ఇంత వంకర పంపకానికి సగటు చెప్పకూడదు. అందుకే 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న ప్రకటన, డోరా అంటారు దాన్ని, ఒక మనిషి పనినో ఒక పేపర్‌నో తూచడానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడొద్దని సూటిగా చెప్పింది.

ఈ లెక్కలకి మూలపురుషుడు యూజీన్ గార్ఫీల్డ్ చదివిన డిగ్రీ కెమిస్ట్రీ అని మీలో ఎంతమందికి తెలుసు? 1955లో ఆయన సైన్స్ పత్రికలో సైటేషన్ సూచీ ఆలోచన రాసినప్పుడు ఉద్దేశం పరిశోధన పేపర్లు వెతుక్కోవడం. ఒక పేపర్‌ని తర్వాత ఎవరు వాడుకున్నారో, ఎవరు తప్పు పట్టారో పట్టుకోవడం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని ఆయన, ఇర్వింగ్ షేర్ కలిసి తయారు చేసుకున్నది ఆ సూచీలోకి ఏ జర్నళ్ళు తీసుకోవాలో తేల్చుకోవడానికి. మనుషులకి మార్కులు వేయడానికి కాదు.

గైడ్‌తో పోట్లాడమని నేను చెప్పను, థీసిస్ మీద సంతకం ఆయనదే. మీ పని చదివి అర్థం చేసుకోగలిగే రివ్యూయర్లు ఏ జర్నల్‌కి ఉన్నారో అడగండి. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర మంచి జవాబే ఉండొచ్చు.

ప్రశ్న: గూగుల్ స్కాలర్‌లో నా హెచ్ 17, స్కోపస్‌లో 13, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 12. ఏది నిజం?

జవాబు: మూడూ నిజమే. అవి సైటేషన్లు లెక్కగట్టే వేర్వేరు డేటాబేస్‌లు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ, రివ్యూ కాకముందే నెట్‌లో పెట్టే ప్రిప్రింట్‌లూ, పుస్తకాల అధ్యాయాలూ, నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌లూ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా రెండూ ప్రధానంగా తాము ఎంచుకున్న జర్నళ్ళనే చూస్తాయి. అందుకే గూగుల్ అంకె సాధారణంగా పైన ఉంటుంది. అంకె పక్కన డేటాబేస్ పేరూ, చూసిన తేదీ రాయండి. పరికరం పేరు చెప్పకుండా రీడింగ్ ఇస్తే నా విద్యార్థుల రికార్డు నేను వెనక్కి పంపేదాన్ని.

ఒకసారి మీ ప్రొఫైల్ కూడా తెరిచి చూడండి. మీ పేరే ఉన్న ఇంకొకరి పేపర్లు అందులో చేరి ఉండొచ్చు, మీవి కొన్ని తప్పిపోయి ఉండొచ్చు. ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ళకీ, ఒక పేపర్‌లో ఇనీషియల్‌తో, మరోదాన్లో పూర్తి పేరుతో వేసుకున్నవాళ్ళకీ ఈ బెడద ఎక్కువ. 2012లో మొదలైన ఆర్కిడ్ పదహారు అంకెల గుర్తింపు దీనికోసమే. ఉచితం. ఇవాళే తీసుకోండి.

ప్రశ్న: సైటేషన్లు రాకపోతే ఆ కెమిస్టు ప్రభావం లేనట్టేనా? మా పిల్లలకి పాఠాల్లో చెప్పే శాస్త్రవేత్తల హెచ్-ఇండెక్స్ ఎంత ఉంటుందో చూడాలని సరదాగా వెతికాను, చాలా తక్కువ కనిపించింది.
— కెమిస్ట్రీ టీచర్

జవాబు: మంచి సరదా. కార్బన్‌కి కార్బన్‌ని అతికించడానికి వాడే గ్రిన్యార్ రియేజెంట్ లేని ఆర్గానిక్ ల్యాబ్ ఉంటుందా? 1900లో విక్టర్ గ్రిన్యార్ వేసిన ఆ పేపర్‌ని ఇవాళ ఎవరు పేర్కొంటున్నారు? 1912లో నోబెల్ తెచ్చిన పని అది. పని మరీ గొప్పదైతే పాఠ్యపుస్తకంలోకి కరిగిపోతుంది, ఫుట్‌నోట్ అక్కర్లేకుండా పోతుంది. మెండలీవ్ పట్టికని గోడకి తగిలించేవాళ్ళం 1869 పేపర్ పేరు రాస్తామా?

ఆలస్యంగా మేలుకునే పేపర్లూ ఉన్నాయి. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ అనే ఇద్దరు గ్రాఫైట్‌ని ఆక్సీకరించే పద్ధతి ఒకటి అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వేశారు. పేజీ మించని పేపర్. దశాబ్దాలపాటు దాని జోలికి వెళ్ళినవాళ్ళు కొద్దిమందే. 2004లో గ్రాఫైట్ నుంచి ఒక్క పరమాణువు మందం ఉన్న పొరని, అంటే గ్రాఫీన్‌ని, విడదీశాక, గ్రాఫీన్ ఆక్సైడ్ కావాల్సినవాళ్ళందరికీ ఆ పద్ధతే దిక్కయింది. సైటేషన్లు ఒక్కసారిగా వెల్లువెత్తాయి. 1970లో ఏ కమిటీ అయినా ఆ పేపర్‌ని చూసి ఏమనేదో ఊహించుకోండి.

ఇక కోయిచీ తనాకా. 2002లో కెమిస్ట్రీ నోబెల్ అందుకునేనాటికి షిమాడ్జు కంపెనీలో ఇంజనీరు, పీహెచ్‌డీ కూడా లేదు. ప్రొటీన్ లాంటి పెద్ద అణువుల్ని చెదరగొట్టకుండా, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపించే దారి చూపించారు. పరిశ్రమల్లో పనిచేసే కెమిస్టుల పని చాలావరకు పేటెంట్లలోనో కంపెనీ ఫైళ్ళలోనో ఉండిపోతుంది. హెచ్-ఇండెక్స్‌కి అదంతా శూన్యం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మా అనలిటికల్ వాళ్ళకి ఇష్టమైన వైపు. ప్రపంచంలో అత్యధికంగా పేర్కొన్న పేపర్ ఏదనుకుంటున్నారు? సాపేక్ష సిద్ధాంతం కాదు, డీఎన్ఏ నిర్మాణమూ కాదు. 1951లో ఆలివర్ లౌరీ బృందం వేసిన ప్రొటీన్ కొలిచే పద్ధతి. మూడు లక్షల పైచిలుకు సైటేషన్లు. రంగు వస్తుంది, ఆ రంగు గాఢత కొలుస్తాం, ప్రొటీన్ ఎంతుందో చెబుతాం, అంతే. పనికొచ్చే పద్ధతి చెప్పినవాళ్ళకి సైటేషన్లు వస్తాయి, వచ్చి తీరాలి. కానీ వాటిని మేధస్సుకి కొలత అనుకుంటే లౌరీ ముందు ఐన్‌స్టైన్ కూడా చిన్నబోతాడు!

ప్రశ్న: మా విభాగంలో ఒకరు "ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల" జాబితాలో చేరారని బ్యానర్ కట్టారు. అది అవార్డా?

జవాబు: అవార్డు కాదు, ఎవరూ ఎవర్నీ ఎంపిక చేయలేదు. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ డేటా తీసుకుని ఆరు సూచికల్ని కలిపి వేసిన లెక్క. పనికిమాలినదేం కాదు. పేపర్‌లో ఒంటరి రచయితా, మొదటివాడా, చివరివాడా అన్నది అందులో చూస్తారు. ఉమ్మడి రచయితల సంఖ్యకి సర్దుబాటు ఉంది. సొంత సైటేషన్లు కలిపీ, తీసేసీ రెండు రకాలుగా ఇస్తారు. బ్యానర్ కట్టినవాళ్ళని ఒకటే అడగండి: జీవితకాలం జాబితానా, ఒక్క ఏడాది జాబితానా? రెండూ వేర్వేరు, బ్యానర్లలో ఆ ముక్క తరచూ మాయమవుతుంది.

ప్రశ్న: సొంత పేపర్లని పేర్కొనడం తప్పా?

జవాబు: తప్పు కాదు. పదేళ్ళుగా ఒకే సమస్య మీద పనిచేస్తున్న మనిషి తన ముందు పేపర్‌ని కాక ఎవరిని పేర్కొంటాడు? మొదటి జవాబులో చూసిన ఏడో పేపర్‌లా, హెచ్ పెరగడానికి ఒక్క సైటేషన్ తక్కువైన పేపర్‌ని పనిగట్టుకుని ప్రతిచోటా దూర్చడం మాత్రం రివ్యూయర్‌కి కనబడుతుంది. నాకు చాలాసార్లు కనబడింది.

ప్రశ్న: ఉద్యోగ దరఖాస్తులో హెచ్-ఇండెక్స్‌కి ఒక చిన్న గడి మాత్రమే ఇచ్చారు. నాది 6. ఏం చేయమంటారు?

జవాబు: 6 అనే రాయండి. పక్కనే డేటాబేస్, తేదీ, మొదటి పేపర్ ఏడాది. విడిగా ఒక పేజీ జతచేసి అందులో మూడే మూడు పేపర్లు ఎంచుకోండి. ఒక్కోదానికి మూడు వాక్యాలు చాలు: సమస్య ఏమిటి, అందులో మీ చేతి పని ఏది, దాన్ని తర్వాత ఎవరు దేనికి వాడుకున్నారు. ఈ చివరి వాక్యం కోసం మీ పేపర్‌ని పేర్కొన్నవాళ్ళ పేపర్లు తెరిచి చదవాల్సి వస్తుంది. మీ పద్ధతితో నిజంగా పనిచేశారా, "ఇలాంటివి కూడా ఉన్నాయి" అని ఉపోద్ఘాతంలో పది పేర్లతో కలిపి వదిలేశారా అన్నది అక్కడే తేలుతుంది. నేను కూర్చున్న కమిటీల్లో ఇలాంటి పేజీ వచ్చినప్పుడు దాని మీదే ఇంటర్వ్యూ ప్రశ్నలు నడిచేవి. గడిలో అంకె గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.