ఐఎన్ఆర్ ఒకసారి 1.7, మరోసారి 5.4: ఎసిట్రోమ్ ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. మాది నెల్లూరు, ఉండేది చెన్నై పెరంబూరులో. రెండేళ్ల కిందట గుండెలోని మైట్రల్ వాల్వు తీసి మెకానికల్ (కృత్రిమ) వాల్వు అమర్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ 2 మి.గ్రా. వేసుకుంటున్నాను. పుట్టింట్లో నెల రోజులుండి వచ్చాక ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే పరీక్ష అంకె) 1.7 ఉంది. గత వారం పన్ను నొప్పికి మందులు వాడాక 5.4 వచ్చింది. రక్తం కారడం వంటివేమీ లేవు. భయపడి నాలుగు రోజులుగా మాత్ర ఆపేశాను. ఆకుకూరలు పూర్తిగా మానేయాలా? రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలకు మారవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నల కన్నా ముందు, మీరు మామూలుగా చెప్పేసిన ఆ నాలుగు రోజుల సంగతి మాట్లాడాలి. అది చూసే, ఈ జవాబు ప్రచురణ కోసం ఆగకుండా, ఆ రోజే పరీక్ష చేయించుకుని మీ గుండె వైద్యుడిని కలవమని కబురు పంపాం. ఎసిట్రోమ్‌లోని ఎసినోకుమరాల్ అనే మందు ప్రభావం, ఇదే పని చేసే వార్ఫరిన్ కంటే త్వరగా తగ్గిపోతుంది. రక్తస్రావం లేనప్పుడు 5.4 వస్తే సాధారణంగా ఒకటి రెండు మోతాదులు ఆపి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పరీక్షించి, అవసరమైతే మోతాదు సవరించి మొదలుపెడతారే తప్ప, పరీక్ష లేకుండా నాలుగు రోజులు ఆపరు. మైట్రల్ స్థానంలో రక్తప్రవాహం నెమ్మదిగా ఉండటం వల్ల వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే మీకు ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. గుండెలోని మరో వాల్వు, అంటే అయోర్టిక్ వాల్వు మార్పించుకున్న చాలామందికి 2 నుంచి 3 సరిపోతుంది కాబట్టి ఇంకొకరి రిపోర్టుతో పోల్చుకోకండి.

ఇక 1.7 సంగతి. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే పదార్థాలను ఈ మాత్ర తగ్గిస్తుంది. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. చెన్నైలో వారానికోసారి తినే మనిషి పుట్టింట్లో రోజూ తింటే ఐఎన్ఆర్ పడిపోవచ్చు. ఇక్కడ తప్పు కూరది కాదు, మారిన అలవాటుది. పూర్తిగా మానేస్తే ఒంట్లో నిల్వ తగ్గి, ఎప్పుడో ఒక పూట తిన్న పప్పుకూర కూడా ఐఎన్ఆర్‌ను కిందా మీదా చేస్తుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంత తింటారో అది ప్రతి వారం ఒకేలా ఉండనివ్వండి. అయితే ఆకుకూర మీద పడే నిందలో కొంత నిజానికి ఊరి ప్రయాణంలో మరచిపోయిన మాత్రలదని నా అనుమానం. అక్కడి మందుల షాపులో 2 మి.గ్రా. బదులు 1 మి.గ్రా. స్ట్రిప్ ఇచ్చారేమో కూడా చూసుకోండి.

5.4కు కారణం బహుశా పంటి మందుల చీటీలోనే ఉంటుంది. పంటి ఇన్‌ఫెక్షన్‌కు తరచూ రాసే మెట్రోనిడజోల్ ఈ మాత్ర ప్రభావాన్ని బాగా పెంచుతుంది. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ అయిన కో-ట్రైమాక్సజోల్ కూడా అంతే. నొప్పితో సరిగా తినకపోయినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలైతే ఐఎన్ఆర్ బాగున్నా కడుపులో రక్తస్రావం తెచ్చిపెట్టగలవు కనుక మీ వైద్యుడు చెప్పనిదే వేసుకోవద్దు. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి విరుద్ధంగా ఐఎన్ఆర్‌ను తగ్గిస్తుంది. ఏ కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా మూడు నుంచి ఐదు రోజుల్లో పరీక్ష చేయించుకోండి.

పరీక్ష అక్కర్లేని మాత్రలు మీకు పనికిరావు. మెకానికల్ వాల్వు ఉన్నవారిలో ఆ మాత్రల్లో ఒకటైన డాబిగట్రాన్ వాడి చూసిన అధ్యయనంలో గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువ కావడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అలాంటిదే మరో మాత్ర ఎపిక్సబాన్‌తో ఒక రకం మెకానికల్ అయోర్టిక్ వాల్వుపై జరిగిన అధ్యయనాన్ని కూడా 2022లో ఆపేశారు.

మాత్రను సాయంత్రం ఒకే వేళకు వేసుకుంటే, ఉదయం ఇచ్చిన రక్తం రిపోర్టును బట్టి అదే రోజు మోతాదు మార్చుకునే వీలుంటుంది. ఒక పూట మరచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి తప్ప మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చేయి చచ్చుబడటం, ఉన్నట్టుండి ఆయాసం, వాల్వు టిక్కుటిక్కు శబ్దం మందగించడం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ: వీటిలో ఏది జరిగినా 108కి ఫోన్ చేయండి, తెల్లవారేదాకా చూడకండి.

ఆ పన్ను తీయించాల్సి వస్తే ఐఎన్ఆర్ మీ పరిధిలోకి వచ్చాకే తీయించండి. వాల్వు సంగతి డెంటిస్టుకు ముందే చెబితే, వాల్వుకు ఇన్‌ఫెక్షన్ సోకకుండా పన్ను తీసే ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్‌ను మీ గుండె వైద్యుడితో మాట్లాడి ఎంచుకుంటారు.