కూరగాయలకూ వడ్డీ కడుతున్నారా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం, ఇంట్లో నలుగురం. మావారి జీతం 60,000, అంతా ఖర్చైపోతుంది. ఆయనకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నాక పళ్లు, కూరగాయలకు యాప్‌లో నెలకు 14,000 అవుతోంది. బాబు జ్వరానికి పెట్టిన 35,000తో కలిపి క్రెడిట్ కార్డు బాకీ 62,000కి చేరింది. మినిమం డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం కడుతున్నాం. ఎఫ్‌డీ 80,000 ఉంది. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు తీర్చి, డీప్ ఫ్రీజర్ కొనమంటారా? ఫ్రోజెన్, టిన్నుల సరుకు మంచిదేనా?

జవాబు: లోన్ వద్దమ్మా, ఫ్రీజర్ అసలే వద్దు. మినిమం కడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, అంటే పొద్దున కొన్న పాలకూర కట్టకూ ఇవాళ్టి నుంచే వడ్డీ పడుతుంది. నెలకు మూడున్నర శాతం చొప్పున 62,000 మీద 2,170, దానిపై జీఎస్టీ 390. ఆ డబ్బుకి రైతు బజార్లో మీ ఇంటి కూరగాయలు చాలావరకు వచ్చేస్తాయి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు తినమంటోంది. అవి కివీలూ బ్లూబెర్రీలే కానక్కర్లేదు, మన జామకాయలో విటమిన్ సి నారింజలో కంటే ఎక్కువ. ఫ్రోజెన్ బఠాణీలను కోసిన వెంటనే వేడినీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు కాబట్టి, ఫ్రిజ్‌లో వారం రోజులు వాడిపోయిన బీన్స్ కంటే నయమే. వాటికి మీ ఫ్రిజ్ పై అర చాలు. టిన్నుల్లో చక్కెర పాకంలో ఉన్న పైనాపిల్ మీవారికి వద్దు, ఉప్పునీళ్లలో ఉన్న గింజలైతే కడిగి వండండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ అప్పు మొదలైంది కూరగాయలతో కాదు, బాబు జ్వరంతో. ఆ రోజు చేతిలో అత్యవసర నిధి ఉంటే కార్డు గీకేవారే కాదు. ఎఫ్‌డీలోంచి 62,000 తీసి కార్డు మొత్తం తీర్చేయండి, ఏడాదికి ఆరేడు శాతం వడ్డీ వచ్చే డబ్బును పక్కన పెట్టుకుని నలభై శాతం పైనే కట్టడం ఏం లెక్క? మిగిలిన 18,000 మీ నిధికి మొదటి మెట్టు. యాప్ మానేసి పళ్లు, కూరగాయల ఖర్చు 6,000కి తెస్తే నెలకు 8,000 మిగులుతుంది, జీతం పడిన రోజే దాన్ని వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆరు నెలల ఖర్చు, అంటే దాదాపు 3 లక్షలు, చేరడానికి మూడేళ్లు పడుతుంది. పట్టనివ్వండి, మధ్యలో దేనికీ ముట్టుకోవద్దు. ఆరోగ్య బీమా లేకపోతే షుగర్ సంగతి దాచకుండా చెప్పి తీసుకోండి. సిప్‌ల (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే పెట్టుబడుల) సంగతి తర్వాత.

ఆ యాప్‌లో సేవ్ చేసిన కార్డు నంబరు ఇవాళే తీసేయండి.