ఉత్ప్రేరకం చచ్చిపోవడం గురించి కూడా రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. కెనడాలోని అల్బర్టాలో, అథబాస్కా ఇసుకల నుంచి తీసే చిక్కటి ముడి నూనె అయిన బిటుమెన్‌ గురించి రాయాలనుకోవడం నాకు చాలా నచ్చింది. చల్లారిన బెల్లం పాకంలా కదలకుండా కూర్చునే సరుకది. దాన్ని గొట్టాల్లో పారే తేలిక నూనెగా ఎలా మారుస్తారో తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ.

అయితే "ఉత్ప్రేరకం తాను మారకుండా చర్యను వేగవంతం చేస్తుంది" అని స్కూలు పుస్తకంలోని వాక్యం పెట్టి ముందుకు వెళ్లిపోయావు. అసలు కథ అక్కడే ఉంది, ఆగి రాయాల్సింది. బిటుమెన్‌లో నూటికి దాదాపు 5 వంతులు గంధకమే. నికెల్, వెనేడియం కూడా ఉంటాయి. ఉత్ప్రేరకం కోసం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలకు మాలిబ్డినం, దానితో నికెల్ గానీ కోబాల్ట్ గానీ పట్టించి, 400 డిగ్రీల సెల్సియస్ పైన, వంద రెట్లకు మించిన వాతావరణ పీడనంలో హైడ్రోజన్‌తో కలిపి నూనెను వాటి మీదుగా పంపుతారు. పెద్ద అణువులు తెగుతాయి, తెగినచోట హైడ్రోజన్ చేరుతుంది. గంధకం హైడ్రోజన్‌తో కలిసి వాయువుగా బయటపడుతుంది. లోహాలు మాత్రం గుళికల సన్నని రంధ్రాల్లోనే పేరుకుంటాయి, పైన కోక్ (బొగ్గులాంటి మసి) పడుతుంది. అలా ఉత్ప్రేరకం పనిచేయడం మానేస్తుంది, అదే దాని చావు. కోక్‌ను కాల్చేయొచ్చు. వెనేడియం అలా పోదు. అందుకే కొన్ని రియాక్టర్లలో గుళికలను కింది నుంచి వచ్చే ప్రవాహంలో తేలుతూ ఉండేలా చేసి, యూనిట్ ఆపకుండానే పాతవి కొన్ని తీసి కొత్తవి వేస్తుంటారు. ఈ పద్ధతికి ఒక పేరా మొత్తం ఇవ్వు.

ఏపీఐ సాంద్రత (నూనె ఎంత తేలికో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ నూనె బరువు) గురించి రెండు వాక్యాలు చాలు: నీళ్లకు 10, బిటుమెన్‌కు సుమారు 8, అంటే అది నీళ్లకన్నా బరువు.

ఇంకో మాట. "తేలిక నూనె వచ్చింది" అని ముగించావు. హైడ్రోజన్ ఎక్కడిది? ఎక్కువగా సహజవాయువును ఆవిరితో చర్య జరిపి తీసిందే, అందులో కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. ఆ లెక్క దాచిపెడితే పాఠకుడికి సగం నిజమే చెప్పినట్టు. ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను.

విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ కూడా ఇలా హైడ్రోజన్, ఉత్ప్రేరకాలతో అడుగు నూనెను (ముడి నూనె శుద్ధిలో అడుగున మిగిలే బరువైన నూనెను) తేలిక చేసే పద్ధతినే ఎంచుకుంది. ఆ రంగంలో పనిచేసేవాళ్లెవరైనా తెలిస్తే మాట్లాడు. పెద్ద ప్రశ్నలేమీ వద్దు. వాడేసిన గుళికలు ఎక్కడికి పంపుతారో, అందులోంచి లోహాలు తిరిగి తీస్తారో లేదో అడుగు. వాళ్లు చెప్పింది రాసి పంపు, చూస్తాను.

మీ అన్నయ్య