కరెంటు అయిపోయినంక రక్తం పడితే

తమ్మీ,

ప్రోస్టేటు క్యాన్సరుకు పెట్టే కరెంటు (రేడియేషన్) 37 సిట్టింగులూ అయిపోయినయని నిన్న నువ్వు ఫోన్ల చెప్పంగనే మనసు నిమ్మళమైంది. ఆఖరుకు గొంతు తగ్గించి, "దొడ్డికి పోతే జిగట పడుతున్నది అన్నా" అని ఆపేసినవు. పక్కన పిల్లలున్నరని అర్థమైంది. అందుకే రాస్తున్న.

ఇప్పటి జిగటకు, మాటిమాటికి పోవాలనిపించుడుకు భయపడకు. ప్రోస్టేటు వెనకనే మలాశయం ఆనుకొని ఉంటది. ఎంత గురిపెట్టినా దాని ముందుగోడకు కొంత కరెంటు తగుల్తది. చాలామందికి కొన్ని వారాలల్ల సర్దుకుంటది. కారం తగ్గించు, డాక్టరు చెవిన మాత్రం వెయ్యి.

నా భయమంతా తర్వాత వచ్చేదాని గురించే. నాకు 2020 నవంబరుల కరెంటు అయిపోయింది. ఏడాది మంచిగనే ఉన్న. 2022 జనవరిల ఒక పొద్దున చూస్తే ఎర్రటి రక్తం, నొప్పి మాత్రం లేదు. మూలశంక అనుకొని ఒక పైల్స్ క్లినిక్‌కు పోయిన. అక్కడి డాక్టరు అడగలే, నేను కరెంటు సంగతి చెప్పలే. రబ్బరు బ్యాండు వేసిండు. అక్కడ పుండు పడి నాలుగు నెలలు మానలే. ఆ ఫిబ్రవరిల సమ్మక్క జాతర. దొడ్డికి ఎప్పుడు ఆగకుండ వస్తదోనని మేడారం బస్సెక్కలేకపోయిన. మీ వదిన ఒక్కతే పోయి నిలువెత్తు బంగారం ఇచ్చి వచ్చింది.

పుండు ఎందుకు మానలేదో తర్వాత కడుపు డాక్టరు చెప్పిండు. కరెంటు తగిలిన చోట సన్న రక్తనాళాలు మెల్లమెల్లగ మూసుకపోతయి. రక్తం అందని చోట గాయం మానదు. కొత్తగ పుట్టే నాళాలు పలుచగ ఉంటయి, గట్టి మలం రాసుకుంటే చాలు పగులుతయి. ఇది ఏడాదికి రావచ్చు, ఇంకా ఆలస్యంగ కూడ రావచ్చు.

కాబట్టి ఎప్పుడు రక్తం కనబడ్డా బ్యాండు, ఇంజక్షను, కోత, ఏదీ ఒప్పుకోకు. ముందు కెమెరా పరీక్ష చేయించుకో, మన వయసుల పేగు క్యాన్సరు కూడ ఇట్లనే మొదలు కావచ్చు. పరీక్షకు ముందే "ప్రోస్టేటుకు కరెంటు పెట్టించుకున్న" అని నోటితోని చెప్పు, కాగితం చూపించు. ఆ ముందుగోడ మీద ఊరికెనే పరీక్షకని ముక్క (బయాప్సీ) తీస్తే పుండు మానక మూత్రం వైపు రంధ్రం పడే ప్రమాదం ఉన్నది.

రక్తం కొంచెమే పడితే చాలాసార్లు మందే అక్కరలేదు. నాకు పుండు మానినంక సుక్రాల్ఫేట్ మందు ఎనిమాగ ఇచ్చిండ్రు, ఆర్గాన్ గ్యాసుతోని రెండుసార్లు ఆ నాళాలను కాల్చిండ్రు. కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోయి చేయించుకొని వచ్చిన. ఇప్పుడు నెలలకు నెలలు రక్తం జాడ లేదు.

దొడ్డికి కూసున్నప్పుడు బలం పెట్టి ముక్కకు. రాత్రి ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లతోని తాగు, అది పడుతదా అని డాక్టరును ముందే అడుగు. గుండెకు వేసుకునే ఆస్పిరిన్ నీ అంతట నువ్వు ఆపకు, రక్తం సంగతి డాక్టరుకు చెప్పు. గడ్డలుగడ్డలుగ పడ్డా, కళ్లు తిరిగినా, మూత్రంల గాలి బుడగలు వచ్చినా తెల్లారేదాక ఆగకు.

ఎంత డోసు పెట్టిండ్రో రాసిన కాగితం అడిగి తెచ్చుకో, రెండు జిరాక్సులు తీయించు. ఒకటి నా దగ్గర పెట్టు. ఐతారం జమ్మికుంట నుంచి బయలుదేరంగనే ఫోన్ చెయ్యి, కాజీపేట స్టేషన్ల నేను ఉంట.

నీ అన్న