మళ్లీ 4ఎల్60ఈ వద్దు, 4ఎల్80ఈ వేయండి
టర్బో పెట్టాక మీ 4ఎల్60ఈ (జీఎం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) రెండుసార్లు కాలిపోయింది, రోజూ రోడ్డు మీద తిప్పాలి, డ్రాగ్ రేసులకీ వెళ్లాలి అన్నారు కదా బ్రదర్. దాన్నే మళ్లీ రీబిల్డ్ చేయించొద్దు. 4ఎల్80ఈ వేయండి. అది జీఎం పాత మూడు గేర్ల ఆటోమేటిక్ టీహెచ్400 వంశమే, మొదటి మూడు గేర్ల నిష్పత్తులూ అవే: 2.48, 1.48, 1.00. పైన నాలుగో గేర్‌గా 0.75 ఓవర్‌డ్రైవ్ అదనం. అంటే మూడో గేర్లో 3000 ఆర్‌పీఎం మీద అరిచే ఇంజన్ హైవేలో 2250కి దిగుతుంది. బరువెక్కువే, గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ కంట్రోలరూ కావాలి. ఫస్ట్ గేర్ 4ఎల్60ఈలోని 3.06 నుంచి 2.48కి తగ్గిందని టెన్షన్ వద్దు, టర్బో టార్క్‌కి టైర్లు తక్కువ జారతాయి, అంతే.

టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ కప్లింగ్) స్టాల్, అంటే అది గట్టిగా పట్టుకునే ఆర్‌పీఎం మాత్రం, మీ టర్బో స్పూల్ అయ్యే (బూస్ట్ ఇవ్వడం మొదలెట్టే) ఆర్‌పీఎంని బట్టి ఎంచుకోండి. మరీ లూజైతే (స్టాల్ మరీ ఎక్కువైతే) ట్రాఫిక్‌లో ఆయిల్ ఉడుకుతుంది. పెద్ద ఆయిల్ కూలర్ తప్పనిసరి. అప్పుడప్పుడు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూడండి, మాడు వాసనొస్తే క్లచ్‌లు కాలుతున్నట్టే.