అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ గేమ్‌కి సిటీని ఎలా సెలెక్ట్ చేస్తారు? ఏటా అట్లాంటాలోనే ఎందుకు?

మీ తమ్ముడు అట్లాంటాలో ఎంఎస్ చేస్తున్నాడు, డిసెంబర్ వస్తే ఊరంతా ఎస్‌ఈసీ (ఆగ్నేయ రాష్ట్రాల కాలేజ్ టీమ్‌ల కాన్ఫరెన్స్, అంటే లీగ్) ఫైనల్ గోలే, వేరే సిటీలకి ఛాన్స్ ఇవ్వరా, ఇదంతా ఎవరు డిసైడ్ చేస్తారు అని అడిగారు కదా. నేను కొన్నేళ్లు బే ఏరియాలో ఉండి ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నా, రెండు చోట్లా ఈ గేమ్‌లు మా ఇంటికి కాస్త దూరంలోనే జరిగాయి, ఫ్రెండ్స్ లాక్కెళ్తే ఇండియానాపొలిస్‌లో కూడా చూశా, కాబట్టి చూసినంత మేరకి చెప్తా.

పద్ధతి అయితే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాన్ఫరెన్స్ వాళ్ళు బిడ్లు పిలుస్తారు, సిటీ తరఫున ఒక స్పోర్ట్స్ సంస్థ (ఇండియానాపొలిస్‌లో ఇండియానా స్పోర్ట్స్ కార్ప్ అని 1979 నుంచి ఇదే పని మీదుంది) స్టేడియం, హోటల్ రూమ్‌లు, పోలీస్ బందోబస్తు, ఫ్యాన్ ఫెస్ట్‌కి కన్వెన్షన్ సెంటర్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ పెడుతుంది, నచ్చితే కొన్నేళ్లకి కాంట్రాక్ట్ రాసుకుంటారు. అసలు మెలిక ఎక్కడంటే, ఫైనల్ ఆడే రెండు టీమ్‌లు ఎవరన్నది చాలాసార్లు లీగ్ ఆఖరి శనివారం రాత్రికి గానీ తేలదు, గేమేమో వచ్చే శనివారం. అంటే ఫ్యాన్‌కి వారం కూడా ఉండదు, ఆ లోపే టికెట్ కొనాలి, రూమ్ దొరకాలి, లీవ్ పెట్టాలి, పిల్లల్ని ఎవరి దగ్గరో వదలాలి. ఏ ఊరు నిలబడింది, ఏ ఊరు పోయింది అన్నది మొత్తం ఈ వారం రోజుల చుట్టూనే తిరుగుతుంది.

మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే 2019 ఐపీఎల్ ఫైనల్ చెన్నై నుంచి మన ఉప్పల్‌కి మార్చారు గుర్తుందా, ముంబై ఒక్క పరుగుతో గెలిచింది, ఆ రోజు చెన్నై వాళ్ళు రాత్రి బస్సో రైలో ఎక్కితే పొద్దున్నే హైదరాబాద్. అదే ఫైనల్ గువాహటీలో పెట్టుంటే ఎంతమంది వచ్చేవాళ్ళు?

ఇప్పుడు అట్లాంటా చూడండి. జార్జియా యూనివర్సిటీ ఉన్న ఏథెన్స్ 70 మైళ్లు, ఆబర్న్ 110, అలబామా వాళ్ళ టస్కలూసా 200, టెనెసీ వాళ్ళ నాక్స్‌విల్ కూడా దాదాపు అంతే. పొద్దున్న కారెక్కితే మధ్యాహ్నానికి గేట్ దగ్గర ఉంటారు, రూమ్ దొరక్కపోతే రాత్రికి రాత్రే వెనక్కి వెళ్ళిపోవచ్చు. పైగా స్టేడియంకి పైకప్పు ఉంది, ఎయిర్‌పోర్ట్ లోపల్నుంచే మార్టా రైలు ఉంది. నిజానికి ఈ గేమ్ మొదలైంది అట్లాంటాలో కాదు. పన్నెండు టీమ్‌లుండి రెండు డివిజన్లుగా ఆడితే ఫైనల్ పెట్టుకోవచ్చని కాలేజ్ స్పోర్ట్స్‌ని నడిపే ఎన్‌సీఏఏలో ఒక రూల్ ఉండేది, ఆర్కన్సా, సౌత్ కెరొలైనాల్ని కలుపుకుని ఎస్‌ఈసీ వాళ్ళు దాన్ని వాడుకున్నారు. మొదటి రెండు గేమ్‌లు, 1992, 1993లో, కాన్ఫరెన్స్ హెడాఫీస్ ఉన్న బర్మింగ్‌హమ్‌లోనే, లీజియన్ ఫీల్డ్‌లో జరిగాయి. అది ఓపెన్ స్టేడియం, డిసెంబర్ చలి, దానికి తోడు అలబామా టీమ్ తన హోమ్ గేమ్‌లు కొన్ని అక్కడే ఆడేది, ఆ రెండేళ్లూ ఫైనల్‌కి వచ్చింది కూడా అలబామానే, ఇక న్యూట్రల్ గ్రౌండ్ అని ఎవరు ఒప్పుకుంటారు. 1994లో జార్జియా డోమ్‌కి మారింది, 2017లో పక్కనే కట్టిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియంకి వెళ్ళింది, ఊరు మాత్రం మారలేదు. ఇన్నేళ్లు ఒకే చోట ఉండేసరికి డిసెంబర్ మొదటి శనివారం అంటే అట్లాంటా అని జనానికి అలవాటైపోయింది, టీమ్ ఫైనల్‌కి వస్తుందో రాదో తెలియకుండానే ముందే రూమ్ బుక్ చేసి పెట్టుకునేవాళ్ళున్నారు. ఊళ్లు తిప్పుతూ పోతే ఆ అలవాటు రాదు.

తిప్పితే ఏమవుతుందో బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్ వాళ్ళు చూపించారు. 1996లో సెయింట్ లూయిస్‌లో మొదలుపెట్టి శాన్ ఆంటోనియో, కాన్సస్ సిటీ, ఇర్వింగ్, హ్యూస్టన్ అన్నీ చుట్టొచ్చి చివరికి 2009లో డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ చేరారు, మధ్యలో టీమ్‌లు పదికి తగ్గి కొన్నేళ్లు గేమే ఆపేసి 2017లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా ఆర్లింగ్టన్‌కే వచ్చారు.

ఇంకో తప్పుడు లెక్క ఏంటంటే, ఏ టీమ్‌లు వస్తే బావుంటుందో ఊహించుకుని ఊరు పెట్టడం. ఏసీసీ (తూర్పు తీరం వైపు కాన్ఫరెన్స్) వాళ్ళు 2005లో జాక్సన్‌విల్ అన్నారు, తర్వాత టాంపా, రెండూ ఫ్లోరిడానే, ఫ్లోరిడా స్టేట్ వర్సెస్ మయామి ఫైనల్ వస్తుందని అందరి ఆశ. ఆ గేమ్ ఒక్కసారి కూడా రాలేదు, మయామి అయితే 2017 దాకా అసలు ఫైనల్ మొహమే చూడలేదు. 2008లో టాంపాకి వచ్చింది ఎవరనుకున్నారు, వర్జీనియా టెక్, బాస్టన్ కాలేజ్. బాస్టన్ నుంచి టాంపాకి వారంలో ఎవరొస్తారండి! 2010లో షార్లెట్‌కి మార్చాక కుదురుకుంది, క్లెమ్సన్ అక్కడికి రెండు గంటల డ్రైవ్, వాళ్ళే చాలా ఏళ్లు ఫైనల్‌కి వచ్చారు. అక్కడ కూడా 2016లో ఒకసారి గేమ్ ఓర్లాండోకి వెళ్ళింది, ట్రాన్స్‌జెండర్లు ప్రభుత్వ బిల్డింగుల్లో ఏ బాత్రూమ్ వాడాలన్న మీద నార్త్ కెరొలైనా చేసిన చట్టం గొడవ వల్ల. అంటే స్టేడియం, రోడ్లు అన్నీ బావున్నా రాష్ట్ర రాజకీయం కూడా గేమ్‌ని ఎత్తుకుపోగలదు.

బే ఏరియాలోని సాంటా క్లారా మాత్రం నేను కళ్ళారా చూసింది. పాక్-12 (పశ్చిమ తీరం వైపు కాన్ఫరెన్స్) వాళ్ళు ముందు మూడేళ్లు ఫైనల్‌ని మంచి రికార్డ్ ఉన్న టీమ్ సొంత గ్రౌండ్‌లోనే పెట్టి, 2014 నుంచి 2019 దాకా ఇక్కడి లీవైస్ స్టేడియంలో పెట్టారు. కొత్త స్టేడియం, 68,500 సీట్లు, సిలికాన్ వ్యాలీ డబ్బు, వినడానికి అదిరింది. కానీ గేమ్ ఎక్కువసార్లు శుక్రవారం సాయంత్రం, టీవీ వాళ్ళకి ఆ స్లాట్ కావాలి. శుక్రవారం సాయంత్రం 237, 101 హైవేల మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందో అక్కడున్న ఏ తెలుగోడిని అడిగినా బూతులు తప్ప ఏం రావు. మా ఆఫీస్ టాస్మన్ డ్రైవ్ దగ్గరే, గేమ్ రోజు తొందరగా ఇళ్లకి వెళ్ళిపోండని మెయిల్ వచ్చేది, అంటే లోకల్ జనం గేమ్‌కి రావడం పోయి గేమ్ నుంచి పారిపోయేవాళ్ళు. 2018లో వాషింగ్టన్, యూటా ఆడాయి, రెండూ విమానం ఎక్కి రావాల్సిన ఊళ్లే. రైలు స్టాప్ దగ్గర ఊదా రంగు టోపీలు పెట్టుకున్న ఒక సియాటిల్ ఫ్యామిలీ నన్ను ఆపి తినడానికి డౌన్‌టౌన్ ఎటు వైపు అని అడిగారు, చుట్టూ చూస్తే ఆఫీసులు, పార్కింగ్ లాట్లు, పక్కన థీమ్ పార్క్. డౌన్‌టౌన్ అంటూ ఇక్కడ ఏం లేదండి అని చెప్పా. వాళ్ళ హోటలేమో శాన్ ఫ్రాన్సిస్కోలో, 45 మైళ్ల దూరంలో. లోపలికి వెళ్తే కింద జనం బానే ఉన్నారు గానీ తలెత్తితే పైన వరసలకి వరసలు ఎర్ర సీట్లే కనిపిస్తున్నాయి. స్కోర్ 10-3, మొత్తం గేమ్‌కి ఒకటే టచ్‌డౌన్, అదీ డిఫెన్స్ వాడు కొట్టింది, ఆ చలిలో అంతసేపు కూర్చున్నందుకు మాకు మేమే దండం పెట్టుకున్నాం. తర్వాత 2021లో వేగాస్‌కి మార్చారు, అది తెలివైన పని. వేగాస్‌కి అన్ని ఊళ్ల నుంచీ ఫ్లైట్లున్నాయి, టీమ్ ఓడినా ట్రిప్ వేస్ట్ అవదు. కానీ మూడేళ్లకే కాన్ఫరెన్సే చెల్లాచెదురైపోయింది, అది వేరే కథ.

ఇండియానాపొలిస్ దీనికి పూర్తి రివర్స్. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ ఫైనల్ 2011 నుంచి అక్కడే, లూకస్ ఆయిల్ స్టేడియంలో, దానికి తీసి మూసే పైకప్పు. మేం వెళ్ళినప్పుడు బయట గడ్డకట్టే చలి, అయినా హోటల్ నుంచి అద్దాల స్కైవాక్‌ల మీదుగా మాల్‌లోకి, అక్కణ్ణుంచి కన్వెన్షన్ సెంటర్‌లోకి, దాని కిందనుంచి స్టేడియంలోకి, కోటు చేతి మీద వేసుకునే నడిచాం. రెండు టీమ్‌ల జనం ఆ నాలుగు వీధుల్లోనే తిరుగుతుంటారు, సెయింట్ ఎల్మో రెస్టారెంట్ ముందు క్యూలో పక్కపక్కనే నిలబడి తిట్టుకుంటూ నవ్వుకుంటూ ఉంటారు. చికాగో పెద్ద సిటీ కదా, అక్కడ పెట్టొచ్చుగా అని చాలామంది అంటారు గానీ సోల్జర్ ఫీల్డ్‌కి కప్పు లేదు, డిసెంబర్ రాత్రి ఎనిమిదింటికి ఆ సరస్సు గాలిలో ఎవరు కూర్చుంటారు.

మా ఆర్లింగ్టన్ విషయానికొస్తే స్టేడియం అద్భుతం, ట్రైన్ మాత్రం లేదు. ఈ మధ్య కిక్‌ఆఫ్ పొద్దున్న పదకొండింటికి పెడుతున్నారు, ఫ్రిస్కో నుంచి ఎనిమిదింటికల్లా బయల్దేరకపోతే పార్కింగ్ లైన్‌లోనే ఫస్ట్ క్వార్టర్ అయిపోతుంది.

మరి మంచి రికార్డ్ ఉన్న టీమ్ ఊళ్లోనే పెట్టేయొచ్చుగా అంటే, చిన్న కాన్ఫరెన్స్‌లు చాలా వరకు అదే చేస్తున్నాయి, అమెరికన్, సన్ బెల్ట్ అన్నీ అంతే. స్టేడియం నిండుతుంది, గోల ఉంటుంది. కానీ చిన్న కాలేజ్ ఊళ్లో వారంలో హోటల్ రూమ్‌లు ఎక్కడ పుట్టుకొస్తాయి, రెండో టీమ్ ఫ్యాన్స్ ఎక్కడ పడుకోవాలి, స్పాన్సర్లు కొన్నేళ్ల ముందే అడిగే లగ్జరీ బాక్స్‌లు ఎవరిస్తారు? డబ్బున్న కాన్ఫరెన్స్‌లకి అది కుదరదు.

2024 నుంచి నేషనల్ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ పన్నెండు టీమ్‌లకి పెరిగింది కదా, నా ఉద్దేశంలో ఇప్పుడు దూరం ఇంకా ముఖ్యం అయింది. ఫైనల్ ఓడినా ప్లేఆఫ్‌కి వెళ్ళొచ్చు, అక్కడ మొదటి రౌండ్ ఒక క్యాంపస్‌లో, తర్వాత రౌండ్లు ఇంకెక్కడో, ఫ్యాన్ జేబు మాత్రం ఒకటే. మా ఆఫీస్ టీమ్‌లో ఒకాయన డాలస్‌లోని ఎస్‌ఎంయూ అనే యూనివర్సిటీలో చదివాడు, ఆ ఏడు వాళ్ళు షార్లెట్‌లో ఏసీసీ ఫైనల్‌కి వచ్చారు, ఈయన డాలస్ నుంచి షార్లెట్ ఫ్లైట్ రేటు చూసి ఆ డబ్బులు ప్లేఆఫ్‌కి దాచుకుంటా అని ఇంట్లో టీవీ ముందే కూర్చున్నాడు. క్లెమ్సన్ 56 గజాల ఫీల్డ్ గోల్‌తో 34-31 గెలిచింది, అయినా ఎస్‌ఎంయూకి ప్లేఆఫ్ బెర్త్ వచ్చింది. ఈయన దాచిన డబ్బులు పెట్టుకుని మొదటి రౌండ్ జరిగిన పెన్ స్టేట్ క్యాంపస్‌కి వెళ్ళాడు, ఎస్‌ఎంయూ వాళ్ళు 38-10 ఓడిపోయారు.